హోమోలజీ శబ్దము - దాని యర్థపరిణామము

గబ్బిలపు ఱెక్క, గుఱ్ఱపు ముంగాలు, తిమింగలపు తెడ్డు, మనుష్యుని చేయి - ఈ నాలుగును రూపమున వేఱు, పనియందును వేఱు. ఒకటి యెగురుటకు, ఒకటి పరువెత్తుటకు, ఒకటి యీఁదుటకు, ఒకటి పట్టుకొనుటకు నుపయోగపడుచున్నది. కాని చర్మమును మాంసమును దొలఁగించి యెముకల వరుసను మాత్రము పరిశీలించినచో, నన్నిటియందును మొదట నొక యెముక, దాని క్రింద రెండెముకలు, పిదప మణికట్టునొద్దఁ జిన్నయెముకల గుంపు, ఆపై వ్రేళ్ల యెముకలు నదే క్రమమునఁ గానవచ్చును. ఒకచోట రెండెముకలు కలిసిపోయి యుండవచ్చును. ఒకచోట నొక్కవ్రేలే మిగిలి యుండవచ్చును. క్రమము మాత్రము తప్పదు. ఈ సంబంధమునకుఁ బాశ్చాత్య జీవశాస్త్రజ్ఞులు 'హోమోలజీ' యని పేరిడిరి. తెలుఁగు పాఠ్యగ్రంథములందు దీనిని 'నిర్మాణసామ్య' మని వ్యవహరించుచున్నారు. ఈ తెలుఁగుపదము మూలపదార్థమును సరిగాఁ దెలుపుచున్నదా యను ప్రశ్నకు సమాధానము మూలపదముయొక్క చరిత్రమునుబట్టి చెప్పవలసియున్నది. ఏలయన 1843వ సంవత్సరము మొదలు నేఁటివఱకు నాపదము మాఱలేదు. దాని యర్థము మాత్రము పలుమాఱులు మాఱినది.

పదవ్యుత్పత్తి

హోమోలజీ గ్రీకుభాషనుండి వచ్చినది. ఆభాషలో 'హోమోస్' అనఁగా 'ఒక్కటే యైనది' యని యర్థము. 'లోగోస్' అను పదమునకు మాట, లెక్క, నిష్పత్తి మున్నగు పెక్కర్థములు గలవు. 'హోమోలోగోస్' అనఁగా ఏకవాక్యత గలది, ఒడఁబడినది. యూక్లిడు తన రేఖాగణితమున ననుపాతములను జెప్పునపుడు, పరస్పరము సరిపోలు స్థానములందున్న రాశుల కీపదమును వాడెను. తెలుఁగు గణితగ్రంథములందు సరూపత్రిభుజములకు 'అనురూప భుజములు' గలవని చెప్పుట యీయర్థముననే. పెద్ద త్రిభుజమునందలి భుజమునకును జిన్న త్రిభుజమునందలి భుజమునకును బొడవు సమము కాదు, స్థానము సమము. కావున నీపదమున మొదటినుండియు నున్న భావము పోలిక కాదు, స్థానమునుబట్టి యేర్పడిన యేకత్వము. ఈ సూక్ష్మభేదమే తరువాతి వివాదములకెల్ల మూలము.

ఓవెనునకుఁ బూర్వము

పేరు లేని కాలమునను నీభావము లేకపోలేదు. అరిస్టాటిలు జంతువుల యవయవములను బోల్చుచు, పక్షికి నీఁక యెట్టిదో మత్స్యమునకుఁ బొలుసట్టిదనియు, గోరునకు గిట్ట యట్టిదనియుఁ జెప్పెను. ఇది నిష్పత్తి రూపమైన పోలిక. 1555లో ఫ్రాన్సుదేశీయుఁడగు పియేర్ బెలోన్ పక్షులనుగూర్చి వ్రాసిన గ్రంథమున మనుష్యుని యస్థిపంజరమును, పక్షి యస్థిపంజరమును బ్రక్కప్రక్కల నిలువుగా ముద్రించి, సరిపోవు నెముకలకు రెంటియందును నొకే యక్షరములు వేసెను. ఏ సిద్ధాంతమును బ్రతిపాదింపకయే యాతఁడు చిత్రమునఁ జూపినది తరువాతి మూఁడు శతాబ్దముల శాస్త్రమునకు మొదటి మెట్టు.

1784లో జర్మను మహాకవి గోథే, మనుష్యుని పైదవడయందు ముందరి పండ్లను ధరించు నెముక వేఱుగాఁ గలదని నిరూపింప యత్నించెను. ఇతర క్షీరదములయందు స్పష్టముగాఁ గానవచ్చు నీయెముక మనుష్యునకు లేదనియు, అదియే కోఁతికిని మనుష్యునకును గల భేదమనియు నానాఁటి ప్రముఖ శరీరశాస్త్రజ్ఞులు కొందఱు తలంచిరి. ఆయెముక మనుష్యునియందుఁ బ్రక్కయెముకతోఁ జాల ముందుగానే కలిసిపోవును. అందువలనఁ గంటికిఁ గానరాదు. గోథే వ్యాసము 1820 వఱకు నచ్చుపడలేదు. అంతకుముందే ఫ్రాన్సులో వీక్ దాజీర్ కూడ నీవిషయమునే కనుగొనియుండెను. కంటికిఁ గనఁబడని యెముకను 'కల' దనుటకు నాధారమేమి? స్థానక్రమమే. ఇదియే యీచరిత్రయందు ముఖ్యాంశము.

ఆస్థానక్రమమును నియమముగాఁ జేసినవాఁడు ఎటియెన్ జాఫ్రువా సెంటిలేర్. 1818లో వెలువడిన తన గ్రంథమున నాతఁడు 'సంబంధనియమ' మును బ్రతిపాదించెను. అవయవము పెరుగవచ్చును, తఱుగవచ్చును, లోపింపవచ్చును. కాని ప్రక్కయవయవములతోడి సంబంధమును విడిచి వేఱొకచోటికిఁ బోఁజాలదని యాతని మతము. అయితే యీనియమము సరియైనను దాని ప్రయోగమెల్లప్పుడు సరి కాలేదు. మత్స్యముల మొప్పలమీఁది మూఁతయం దున్న యెముకలే మన చెవిలోని చిన్నయెముకలని యాతఁడు చెప్పెను, అది నిలువలేదు. 1830లో బారిసు శాస్త్రపరిషత్తునందు జాఫ్రువాకును క్యూవియేకును గొప్ప వాదము జరిగెను. అవయవము పనికొఱకేర్పడినదని క్యూవియే. ఏకనిర్మాణమునుండి పనికి మరలింపఁబడినదని జాఫ్రువా. వాదమున క్యూవియే గెలిచెనని యానాఁటివారు తలంచిరి. కాని వృద్ధుఁడైన గోథే దానిని మహాఘటనగా నెంచి దానినిగూర్చి వ్రాసెను. గుర్తింపవలసిన దేమనఁగా, జాఫ్రువా తాను జెప్పిన సంబంధమునకు వాడినపదము 'అనలజీ'. నేఁడు హోమోలజీ యనుదానికి నాతఁ డాపేరే పెట్టెను. ఒకే పదము రెండు విరుద్ధార్థములందుఁ జెల్లుచుండుటచేఁ బండితులలో గందరగోళ మధికమయ్యెను.

ఓవెను నిర్వచనము

ఈగందరగోళమును దీర్చినవాఁ డింగ్లండు శరీరశాస్త్రజ్ఞుఁడగు రిచర్డు ఓవెను (1804-1892). 1843లో వెలువడిన తన యుపన్యాసగ్రంథమునకుఁ జివర నాతఁడు పదకోశమును గూర్చెను. అందు రెండుపదములకు వేఱువేఱు హద్దులు గీచెను. భిన్నజంతువులందు నొకే పనిచేయు నవయవములు 'అనలాగు'లు. రూప మెంత మాఱినను, పని యెంత మాఱినను, భిన్నజంతువులందుండు నదే యవయవము 'హోమోలాగు'. ఓవెను చూపిన యుదాహరణము స్పష్టమైనది. తూర్పుదీవులలో చెట్టునుండి చెట్టునకు జాఱుచు నెగురు నొకజాతి బల్లి కలదు. దాని ప్రక్కయెముకలమీఁద సాగియున్న చర్మము పక్షిఱెక్కవలెఁ బనిచేయును. కావున నది ఱెక్కకు ననలాగు. ఆబల్లియొక్క ముంగాలు ఱెక్కవలె నుండదు, ఎగురదు. అయినను పక్షిఱెక్కకు హోమోలాగు నదియే.

ఈపదమును దాను సృష్టించితినని యోవెను చెప్పుకొనలేదు. అంతకుముందు నదికొందఱి వ్రాఁతలయందుఁ గలదు. ఆతఁడు చేసిన పని యర్థమును స్థిరపఱుచుట. పిమ్మట 1848లో వెలువడిన గ్రంథమున నాతఁడు హోమోలజీని మూఁడు విధములుగా విభజించెను. ఒకజంతువు నవయవము వేఱొకజంతువు నవయవమునకు సరిపోవుట మొదటిది. ఆయవయవము సకశేరుకముల కెల్ల మూలమగు నాదర్శరూపమునకు సరిపోవుట రెండవది. ఒకే దేహమున వరుసగా నున్న భాగములు, అనఁగా వెన్నుపూసకు వెన్నుపూసయు, చేతికిఁ గాలును, సరిపోవుట మూఁడవది.

అయితే 'అదే యవయవము' అనుటలో 'అదే' యను పదమునకు హేతువేమి? తిమింగలపు తెడ్డునందలి యెముక మనుష్యుని చేతియెముకయే యనుట కాధారమేమి? ఓవెను చెప్పిన సమాధానము 'ఆదర్శరూపము'. సృష్టికర్త మనస్సునం దొక మూలనిర్మాణము గలదనియు, జంతువు లన్నియు దానికి వికారములనియు నాతని భావము. ఈసమాధానము చాల దినములు నిలువలేదు. నిర్వచనము మాత్రము నిలిచినది.

డార్విను పిమ్మట

1859లో చార్లెసు డార్విను తన 'జాతులయుత్పత్తి' గ్రంథమున 13వ ప్రకరణమందు నీవిషయమునే చర్చించి, మనుష్యుని చేయి, చుంచువంటి త్రవ్వుడుజంతువు పాదము, గుఱ్ఱపుకాలు, సముద్రపుఁబంది తెడ్డు, గబ్బిలపు ఱెక్క యేల యొకే తీరుననున్నవని ప్రశ్నించెను. పనినిబట్టియో, సృష్టికర్త సంకల్పమునుబట్టియో కారణము చెప్పుట వ్యర్థమనియు, అవి యన్నియు నొక పూర్వజంతువునుండి సంక్రమించుటయే కారణమనియు నాతని తీర్మానము. ఓవెను 'ఆదర్శరూపము' డార్వినుచేత 'పూర్వికుఁడు'గా మాఱెను. మనస్సునందున్నది భూమిపై నడచినదయ్యెను.

పదముయొక్క యర్థ మొక్కదినమున మాఱలేదు. డార్విను గ్రంథముయొక్క 6వ ముద్రణమున (1872) చేర్చఁబడిన పదకోశమందును హోమోలజీకిఁ 'బూర్వికుఁడు' అను మాటతో నిర్వచనము లేదు. పిండదశయందు సరిపోవు భాగములనుండి పెరుగుటయే యచ్చట లక్షణముగాఁ జెప్పఁబడినది. 1870లో రే లాంకెస్టరు, ఓవెను పదము ఆదర్శరూపసిద్ధాంతముతోఁ బుట్టినది గావున దానిని విడిచి రెండు క్రొత్తపదములను గ్రహింపవలెనని వాదించెను. ఒకే పూర్వికునినుండి వచ్చిన సామ్యము 'హోమోజెనీ'. వేఱువేఱుగా నేర్పడిన సామ్యము 'హోమోప్లసీ'. పక్షుల హృదయమును, క్షీరదముల హృదయమును నాలుగు గదులు గలవై యుండుట రెండవదానికి నుదాహరణము. ఆగదుల విభాగము రెండువంశములందును వేఱువేఱుగా జరిగినది. కాలక్రమమున రెండవపదము నిలిచినది, మొదటిది నిలువలేదు. దాని యర్థమును మాత్రము పాతపదమగు హోమోలజీయే గ్రహించినది.

భాషావిషయమున నిదర్శనము

ఈభేదము భాషాచరిత్ర నెఱిఁగినవారికిఁ గ్రొత్త గాదు. జీవశాస్త్రమునఁ బూర్వికుని మాట నిలువకమునుపే భాషాశాస్త్రమున నది నిలిచినది. 1816లో క్యాంబెలు తెలుఁగు వ్యాకరణమునకుఁ జేర్చిన పీఠికయందు ఫ్రాన్సిసు ఎల్లిసు, తెలుఁగు తమిళ కన్నడములు సంస్కృతజన్యములు గావనియు, తమలోఁదాము బంధువులనియు ధాతువులఁ బోల్చి చూపెను. తెలుఁగు 'చెవి'కిఁ గన్నడమున 'కివి', 'చెఱువు'నకుఁ 'గెఱె', 'చేయి'కిఁ 'గై'. ధ్వనులు వేఱు, కాని చకారమున్నచోటఁ గకారముండుట నియతము. ఈ నియతసంబంధముచేతనే యవి యొక్క మూలమునుండి వచ్చినవని తెలియుచున్నది.

తెలుఁగునందలి 'హస్తము' సంస్కృతమునందలి 'హస్తః' అనుదానితో నంతకంటె నెక్కువగాఁ బోలియున్నది. కాని యది వంశమునుబట్టి వచ్చినది గాదు, గ్రహింపఁబడినది. మన వ్యాకరణకర్తలు తత్సమమని దేశ్యమునుండి వేఱుచేసిన దిట్టిదానినే. ఇఁక ఇంగ్లీషున 'బ్యాడ్' అను పదమును, పారసీకమున 'బద్' అను పదమును రెండును 'చెడ్డ' యనియే యర్థమిచ్చును; 'బద్నాము' అను మాటలో రెండవదానిఁ దెలుఁగువా రెఱుఁగుదురు. ఈరెంటికిని జన్మసంబంధ మేమియు లేదు, పోలిక కాకతాళీయము. కావున మిక్కిలి పోలునవి బంధువులు గాకపోవచ్చును; పోలనివి బంధువులు గావచ్చును. జంతువుల యవయవములందును న్యాయమిదియే.

చెవియెముకల వృత్తాంతము

పోలికకును హోమోలజీకిని గల దూరమును జూపుటకు మన చెవిలోని యెముకలకంటె మంచి నిదర్శనము లేదు. క్షీరదముల నడిమిచెవిలో సుత్తె, దాఁగలి, అంకవన్నె యను మూఁడు చిన్నయెముకలు గలవు. సరీసృపములకుఁ జెవిలో నొక్కయెముకయే. తక్కిన రెండు నెక్కడివి? 1837లో జర్మనుపండితుఁడు రైకర్టు పందిపిండములను బరీక్షించి సమాధానము చెప్పెను. సరీసృపముల క్రిందిదవడ పలుయెముకల కూర్పు. దాని వెనుకటి యెముకయుఁ గపాలమునకుఁ జేరిన యొక యెముకయుఁ గలిసి దవడకీలగుచున్నవి. పిండమున నవి పుట్టు స్థానమునందే క్షీరదపిండమున సుత్తెయెముకయు దాఁగలియెముకయుఁ బుట్టుచున్నవి. కావున సరీసృపమున నమలుటకుఁ దోడ్పడు కీలే క్షీరదమున వినుటకుఁ దోడ్పడుచున్నది.

ఇది డార్విను గ్రంథమునకు 22 ఏండ్లు ముందుగాఁ బిండశాస్త్రమువలననే తెలిసిన సత్యము. 1913లో గౌప్ అను పండితుఁడు దీనిని విపులముగా సమర్థించెను. పిమ్మట శిలాజములును సాక్ష్యము చెప్పినవి. సుమారు 20 కోట్ల యేండ్లనాఁటి 'మోర్గనూకొడాన్' అను చిన్నజంతువునం దాపాతకీలును, క్షీరదముల క్రొత్తకీలును రెండును నొక్కదవడకే కలవు. పాతకీలు విడివడి చెవిలోఁ జేరకముందు క్రొత్తకీ లేర్పడియుండుటచే, జంతువు నమలుట మానకయే యీమార్పు జరిగినది.

ఈయెముకలందు 'నిర్మాణసామ్య' మెక్కడ? దవడకీలునకును సుత్తెయెముకకును బరిమాణమునఁ గాని, యాకారమునఁ గాని, పనియందుఁ గాని పోలిక లేదు. అయినను నవి హోమోలాగులు. జాఫ్రువా పోలికకొఱకుఁ జూచి మత్స్యముల మొప్పలమూఁతను జేరి దారితప్పెను; రైకర్టు పుట్టుస్థానమును జూచి సత్యమును గనెను.

ఇరువదవ శతాబ్దమున

పిండమే ప్రమాణమని యంతట నిశ్చయింపవచ్చునా? అదియు వీలుపడలేదు. 1895లో గుస్టాఫ్ వుల్ఫు నీటిబల్లి కంటిలోని కటకమును దీసివేయఁగాఁ గ్రొత్తకటకము కనుపాపచుట్టునున్న తెరయంచునుండి పెరుగునని చూపెను. పిండదశయందుఁ గటకము పుట్టునది పైచర్మమునుండి. అవయవ మొక్కటే, పుట్టు తావులు రెండు. ఇట్టి ప్రయోగములు పెరుగఁగా 1915లో హాన్సు స్పేమాన్ హోమోలజీభావముయొక్క చరిత్రమును విమర్శించుచుఁ బ్రత్యేకముగా వ్రాసెను. 1971లో గావిన్ డి బీర్ తన చిన్నగ్రంథమునకు హోమోలజీ తీరని సమస్య యనియే పేరుపెట్టెను. ఈనడుమ 1952లో ఆడాల్ఫు రెమానె హోమోలజీని గుర్తించుటకు మూఁడు గుఱుతులను జెప్పెను: స్థానసామ్యము, విశేషలక్షణసామ్యము, రెంటినిఁ గలుపు మధ్యరూపములు. ఇవి గుఱుతులే గాని నిర్వచనములు గావు.

1995లో గేరింగు మున్నగువారు చేసిన ప్రయోగము సమస్యను మఱింత లోతునకుఁ గొనిపోయెను. ఎలుకకంటి నిర్మాణమునకు ముఖ్యమగు జన్యువును ఈఁగయొక్క యితరభాగములందుఁ బనిచేయించినప్పు డచ్చట నీఁగకన్నే యేర్పడినది. ఎలుకకన్ను నీఁగకన్నును నిర్మాణమున నత్యంతభిన్నములు. కన్నులు హోమోలాగులు గాకపోయినను వాని జన్యువులు హోమోలాగులు. దీనికి 1997లో నొకవ్యాసమున 'లోతైన హోమోలజీ' యను పేరు ప్రచారమునకు వచ్చినది. దీనివలన నేర్చుకొనవలసిన దేమనఁగా, హోమోలజీని జెప్పునపు డే రూపమున హోమోలజీయో చెప్పవలెను. పక్షిఱెక్కయు గబ్బిలపుఱెక్కయు ముంగాళ్లుగా హోమోలాగులే, ఱెక్కలుగాఁ గావు.

జన్యువుల చదువు పెరిగినకొలఁది మఱియొక చిక్కు పుట్టెను. రెండు ప్రోటీనులందు నక్షరక్రమము నూటికి 80 పాళ్లు సరిపోయినచో '80 పాళ్లు హోమోలజీ' యని వ్రాయువా రధికమైరి. 1987లో కొందఱు పండితులు 'సెల్' పత్రికయందు దీని నాక్షేపించిరి. సామ్యమునకుఁ బాళ్లు గలవు, హోమోలజీకి లేవు. ఇద్దఱు సగోత్రులో కాదో చెప్పవచ్చును గాని, నూటి కెనుబదిపాళ్లు సగోత్రులనుట యసంగతము. ముఖములపోలిక యెక్కువతక్కువ లగును. గోత్ర మగుట గాని కాకపోవుట గాని యొక్కటే.

తెలుఁగుపదముల విచారము

తెలుఁగునఁ బాఠ్యగ్రంథములందు నిర్మాణసామ్యావయవములు, క్రియాసామ్యావయవములు నను జంట చిరకాలముగాఁ జెల్లుచున్నది. జంటగాఁ జెప్పుటకు సుకరము, విద్యార్థికి జ్ఞాపకముండును. కాని యిందు రెండు దోషములు గలవు. మొదటిది: 'సామ్య' మనఁగాఁ బోలిక, ఓవెను చెప్పినది పోలిక గాదు, ఏకత్వము. రెండవది: దవడకీలునకును సుత్తెయెముకకును నిర్మాణసామ్యము లేదు, హోమోలజీ కలదు. ఈపదమునే నమ్మి చదివిన విద్యార్థి యీయుదాహరణముకడఁ దప్పక తొట్రుపడును. అదే పాఠ్యగ్రంథములందుఁ గ్రోమోజోముల విషయమున నదే యింగ్లీషుపదమునకు 'సమజాతీయ' మని వేఱుపదము వాడఁబడుచున్నది. విద్యార్థి యివి రెండు నొకే మాటకుఁ దెలుఁగులని యెఱుఁగఁడు. హిందీయందు 'సమజాత' మని కలదు. 'జాతీయము' జాతిశబ్దమునుండి వచ్చి వర్గమును జెప్పును; 'జాతము' పుట్టుకను జెప్పును. కావున 'సమజాతము' నేఁటియర్థమునకు దగ్గఱ.

న్యాయశాస్త్రపరిభాషయందు నీవిషయము సులభముగాఁ దేలును. పర్వతమున నగ్ని గలదనుటకు ధూమము హేతువు, అగ్ని సాధ్యము. జీవశాస్త్రమున నిర్మాణసామ్యము, స్థానసామ్యము, పిండసామ్యము నను నివి హేతువులు, ఏకపూర్వికత్వము సాధ్యము. 'నిర్మాణసామ్య' మని హోమోలజీకిఁ బేరిడుట ధూమమునకే యగ్ని యని పేరిడినట్లగును. ధూమము లేకయు నగ్ని యుండవచ్చునని దవడకీలు చెప్పుచున్నది. సామ్యము గలిగియు సంబంధము లేకుండవచ్చునని నాలుగుగదుల హృదయము చెప్పుచున్నది.

ఎదిరిపక్షమున నొక యాక్షేపము గలదు. హోమోలజీకి 'ఏకపూర్వికత్వము' అనియే నిర్వచనము చెప్పి, పిదప దానినే పరిణామవాదమునకు సాక్ష్యముగాఁ జూపినచో నది సాధ్యసమమను హేత్వాభాసమగును. పాఠశాలలయందీదోషము తఱచుగా దొరలుచున్నది. పరిణామమునకు సాక్ష్యముగాఁ జూపవలసినది ముందుగాఁ గంటికిఁ గానవచ్చు స్థానక్రమము. 'సమజాతము' అను పేరు పరీక్ష ముగిసినపిదపఁ బెట్టవలసినది. ఈవరుస తప్పనిచో నాక్షేపమునకుఁ జోటు లేదు.

కావున మూఁడుపదములును మూఁడుపనులకు వలసియున్నవి. స్థానక్రమమునుబట్టి సరిపోవుటను జెప్పుటకు గణితమునందలి 'అనురూపత' చాలును. ఓవెను, జాఫ్రువాల గ్రంథములను దెలుఁగున వివరించునపు డిదియే యుచితము. వారి పుటలందు 'సమజాత' మని వ్రాసినచో వా రెఱుఁగని యర్థమును వారికంటఁగట్టినట్లగును. కంటికిఁ గనఁబడు పోలికకు 'నిర్మాణసామ్యము' తగియున్నది. పూర్వికునినుండి సంక్రమించిన యేకత్వమునకు, అవయవములయందైనను జన్యువులయందైనను, 'సమజాతత' యనుట న్యాయము. ఇట్లు విభజించినచోఁ గ్రోమోజోముల విషయమునఁ జెల్లుచున్న 'సమజాతీయ' పదముతోఁ దగవు లేదు. అది జంటను జెప్పు పదముగా నిలిచియుండవచ్చును. ఇంగ్లీషున నొక్కపదము మూఁడర్థములు మోయవలసివచ్చి 180 ఏండ్లకుఁ బైగా వివాదములకుఁ దావయ్యెను. తెలుఁగునకు మూఁడుపదములు సిద్ధముగా నున్నవి. వానిని దమతమ స్థానములందు నిలుపుట పాఠ్యగ్రంథకర్తల పని.